చందమామ రౌడీ ఇంజన్ విప్పవద్దు

మిల్‌బర్న్, ఒహాయో
సెప్టెంబర్ 11, 2023

వెల్మా అత్తా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివి పడ్డావంటే మీ అమ్మాయి నన్ను బతకనివ్వదు.

చందమామ రౌడీ దొరికింది.

నిజంగానే దొరికింది. మా క్లబ్బులో ఒకాయన నెబ్రాస్కాలో పెళ్ళికి వెళ్ళి, పెళ్ళి సంగతి వదిలేసి చుట్టుపక్కల కొట్టాలన్నీ తొంగి చూసి వచ్చాడు. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా చేసే పని అదే. ఒక కొట్టంలో మొక్కజొన్న కోసే యంత్రం వెనక, దుప్పట్ల కింద ఊదారంగు తోక కనిపించిందట. ఫొటో చూడగానే గుర్తుపట్టాను. ఆ తోక నాన్న అతికించిందే. 1932 ఫోర్డుకి ముక్కు కోసి, తోక అతికించి, ఇంజన్‌కి ఒళ్ళంతా క్రోమ్ పూత వేయించి, మూడేళ్ళు అమ్మతో తిట్లు తింటూ చేసిన బండి.

మర్నాడే ట్రక్కు వేసుకుని పోయాను. రైతు పేరు హార్లన్ ఫ్రిట్జ్, ఎనభై ఆరేళ్ళు. నా పేరు చెప్పగానే చాలాసేపు నా మొహంకేసి చూశాడు. “కెస్లింగా? లోవెల్ కొడుకువా?” అన్నాడు. ఔనన్నాను. “అయితే తీసుకుపో,” అన్నాడు. అంతే. రెండో మాట లేదు. ఆ వైపు మనుషులు మాటల దగ్గర మహా పొదుపు.

వచ్చే మార్చిలో, 1964 నాటి డేటన్ కార్ల ప్రదర్శనకి అరవై ఏళ్ళ పండగ చేస్తున్నారు. అదే హాలు. అప్పటి బళ్ళు ఎన్ని బతికుంటే అన్నిటినీ పిలుస్తున్నారు. నాన్న మొదటి బహుమతి తెచ్చుకున్న ఆ రోజు నాకు అయిదేళ్ళు. అమ్మ భుజాల మీద కూర్చుని చూశాను. నాన్న వేదిక మీద తాళం తిప్పగానే హాలు అద్దాలు గలగలలాడేలా ఇంజన్ గర్జించింది, బండి ఏటవాలు చెక్కల మీదుగా దొరలాగా కిందికి దిగింది. నాన్న పళ్ళు కనిపించేలా నవ్వడం నేను జన్మలో చూసింది ఆ ఒక్కసారే.

మళ్ళీ అలాగే చేస్తాను. అదే వేదిక మీద స్టార్ట్ చేసి అలాగే దిగుతాను. ముప్పై ఎనిమిదేళ్ళు బడి బస్సులు బాగుచేసినవాణ్ణి, ఒక్క ఇంజన్ నన్నేం చేస్తుంది? నువ్వు అప్పుడు అక్కడే ఉన్నావు కదా. రంగు, సీట్లు, ఇంజన్, ఏది గుర్తుంటే అది రాయి.

నీ మేనల్లుడు
డారెల్

టూసాన్, అరిజోనా
సెప్టెంబర్ 20, 2023

ఒరేయ్ డారెల్,

కూర్చునే చదివాను. ఎనభై రెండేళ్ళ దాన్ని, నిలబడి ఏమీ చదవను.

ఫోన్ చేశావట, మా అమ్మాయి చెప్పింది. చేయకు. ఫోన్‌లో నీ గొంతు నీళ్ళ తొట్టిలోంచి వచ్చినట్టుంటుంది. ఉత్తరమే రాయి, రెండుసార్లు చదువుకుంటాను.

రంగు ఊదా. పలచటి పూతలు ఇరవై రెండు. లెక్క నాకెలా తెలుసంటే, పూత పూతకీ మధ్య దుమ్ము పడకుండా గ్యారేజీ నేల తడిపింది నేనే. ఆ ఊదా గోకితే పసుపు వస్తుంది, కంగారు పడకు. ఏటా కొత్త బండి అయితేనే ప్రదర్శనకి పిలిచేవాళ్ళు. అందుకని చలికాలంలో రంగు మార్చి, పేరు మార్చి, కొత్త బండని బోర్డు పెట్టేవాళ్ళు. అందరిదీ అదే వేషం. అంతకుముందు ఏడాది అది పసుపురంగు ‘తేనెటీగ’. నిర్వాహకులకీ తెలుసు, మాకూ తెలుసు, ఎవరూ ఎవరినీ అడగరు.

సీట్లు తెల్ల మఖమల్. బండి కింద అద్దాలు పరిచి, చుట్టూ మేఘంలా కనపడాలని గాజు పీచు పరిచేవాళ్ళు. ఆ పీచు సర్దింది కూడా నేనే. వారం రోజులు గోక్కున్నాను. ఎవరైనా ఇప్పుడు నీకు అది అంటగడితే చేతికి తొడుగులు వేసుకో.

ఇంజన్ మాట అంటావా, దాని జోలికి వెళ్ళకు. ముసలి ఇంజన్లు విప్పితే మళ్ళీ కుదురుకోవు. బాగా తుడిచి, మెరిపించి, చుట్టూ తాడు కట్టి నిలబెట్టు. జనం చూసేది మెరుపే. స్టార్ట్ చేయడం, దిగడం, ఆ హడావుడంతా నీకెందుకు? మోకాళ్ళ నొప్పులవాడివి.

మీ అత్త
వెల్మా

మిల్‌బర్న్
అక్టోబర్ 2, 2023

అత్తా,

నీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. నేను విప్పిన ఇంజన్ కుదురుకోదా? జిల్లాలో సగం మంది పిల్లలు నేను కుదిర్చిన ఇంజన్ల మీదే చదువుకున్నారు. నాన్న ఒక్కడే పనిమంతుడు, నేను ఉత్త బస్సులవాణ్ణి అని నీ ఉద్దేశమైతే సూటిగా రాయి.

లేక ఇంకేమైనా ఉందా? మా ఆవిడ గ్లెండా నీ ఉత్తరం చదివి, “మీ నాన్న ఆ ఇంజన్‌లో ఏదో దాచుంటాడు, మీ అత్తకి తెలుసు,” అంటోంది. దానికి టీవీలో నేరాల కథలు ఎక్కువయ్యాయి. అయినా అడుగుతున్నాను, దాచాడా?

పని మాత్రం జోరుగా సాగుతోంది. ఊదా కింద పసుపు వచ్చింది, నువ్వన్నట్టే. పసుపు కింద ఆకుపచ్చ వచ్చింది, అది నువ్వు చెప్పలేదు. మఖమల్ సీట్లలో ఎలుకలు మూడు తరాలుగా కాపురం చేసి పోయాయి. కుడివైపు సీటు ఒక్కటే కాస్త మిగిలింది. దాని మీద అరచేయంత ఊదా మరక ఉంది.

ఆ మరక నాది అత్తా. ఇది ఎవరికీ చెప్పలేదు, గ్లెండాకి కూడా నిన్నే చెప్పాను. అరవై నాలుగు జూన్‌లో, నాన్న ఇంట్లో లేనప్పుడు ద్రాక్ష సోడా సీసా పట్టుకుని బండెక్కాను. ఒలికింది. చొక్కాతో తుడిస్తే ఇంకా పాకింది. సాయంత్రం నాన్న వచ్చి చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. మరకకేసి చూసి, నాకేసి చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. రెండ్రోజులకి ఎవరో వచ్చి బండి తీసుకుపోయారు. ఆ తరవాత నాన్న గ్యారేజీలో రెంచి పట్టింది లేదు, నాతో నాలుగు మాటలు కలిపి మాట్లాడిందీ లేదు.

మూడేళ్ళు కష్టపడి చేసిన బండి ఒక సీసా సోడాతో పోయింది. నాన్నకి బతికుండగా క్షమాపణ చెప్పుకోలేకపోయాను. కనీసం ఆయన బండిని ఆయన దిగినట్టు దింపితే, అదే నా క్షమాపణ అనుకున్నాను. ఇప్పుడు అర్థమైందా ఇంజన్ ఎందుకు విప్పాలో?

డారెల్

టూసాన్
అక్టోబర్ 10, 2023

ఒరేయ్ పిచ్చి వెధవా,

ద్రాక్ష సోడానా! అరవై ఏళ్ళ నుంచా! నీ ఉత్తరం పట్టుకుని పెరట్లోకి పోయి కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి ఎవరు పోయారని అడిగింది.

నేను చెప్తున్నాను విను. బండి పోయింది నీ సోడా వల్ల కాదు. నా మాట నమ్ము. ఎందుకు పోయిందో నాకు తెలుసు, కానీ చెప్పలేను. మీ నాన్నకి చర్చి మెట్ల మీద ఒట్టేశాను. చచ్చిపోయినవాళ్ళకి వేసిన ఒట్టు, వాళ్ళొచ్చి విప్పితే తప్ప ఊడదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ అనేది. ఇదొక్కటి అరవై ఏళ్ళుగా నానుతూనే ఉంది, నా దంతాలు ఊడినా అది మాత్రం బయటికి రాలేదు.

ఇక నీ పెళ్ళానికి చెప్పు, ఇంజన్‌లో మీ నాన్న దాచింది ఏమీ లేదు. లోపల ఏమీ లేదు. ఈ వాక్యం ఇంకోసారి చదువుకో.

అందుకే మళ్ళీ చెప్తున్నాను, విప్పవద్దు. ఆకుపచ్చ సంగతి నాకు తెలియదు, మీ నాన్న నాకూ అన్నీ చెప్పేవాడు కాదు. ఇంజన్ మీద జెరేనియం పూలకుండీ పెట్టి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

వెల్మా అత్త

మిల్‌బర్న్
నవంబర్ 1, 2023

అత్తా,

ఈ ఉత్తరంతో అక్రోట్ల పొట్లం పంపుతున్నాను. రోజూ నాలుగు తిను. జ్ఞాపకశక్తికి మంచివట. నీ ఉత్తరంలో జెరేనియం కుండీ దగ్గరికొచ్చేసరికి గ్లెండా నా వైపు చూసింది, నేను దాని వైపు చూశాను. మీ అమ్మాయికి కూడా రాశాను, నిన్ను ఒకసారి డాక్టరుకి చూపించమని. కోప్పడకు. నాకు ఊరడింపుగా సోడా వల్ల కాదన్నావు, నీ మంచితనం నాకు తెలుసు.

ఇక అసలు విషయం. ఇంజన్ విప్పాను. కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుందంటారు, ఇక్కడ అదీ దొరకలేదు. పిస్టన్లు లేవు. క్రాంక్ లేదు. ఎనిమిది రంధ్రాలు, ఎనిమిదింటిలోనూ గాలి. పైన నాలుగు కార్బ్యురేటర్లు కిరీటాల్లా మెరుస్తున్నాయి, వాటి కింద ఉత్త బోలు.

ఆ హార్లన్ ఫ్రిట్జ్ దొంగ అత్తా! లోపలి సామానంతా ఊడదీసి ఏ ట్రాక్టరుకో వాడుకుని, డొల్ల నాకు అంటగట్టాడు. అందుకే కాబోలు నా మొహం అంతసేపు చూశాడు. ఎంత నేర్పరో చూడు. బిగించిన ప్రతి బోల్టు మీదా నాన్న ఎర్రరంగు చుక్క పెట్టేవాడు కదా, ఆ చుక్కలు ఒక్కటి కూడా చెదరకుండా పని కానిచ్చాడు. నలభై ఏళ్ళలో ఇంత చేతివాటం నేను చూడలేదు.

ఊరుకుంటానా? రెండు పేజీల ఉత్తరం రాశాను. పెద్దవాడని చూడకుండా కడిగేశాను. డిసెంబర్‌లో మా క్లబ్బు పత్రిక వస్తుంది, అయిదు రాష్ట్రాలకి వెళ్తుంది. అందులో ఆయన పేరు, ఊరి పేరు వేయించి, ఈ మనిషితో ఎవరూ ఏ బేరమూ పెట్టుకోవద్దని రాయిస్తున్నాను.

డారెల్

టూసాన్
నవంబర్ 7, 2023

డారెల్,

ఈ ఉత్తరం అందగానే లేచి వెళ్ళి ఆ పత్రికవాణ్ణి ఆపు. వెళ్ళి వచ్చాకే మిగతాది చదువు.

వచ్చావా? అక్రోట్లు తిన్నాను. జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉంది, ఇదిగో చూడు.

హార్లన్ దొంగ కాదు. మీ నాన్న వేసిన ఎర్ర చుక్కలు ఎందుకు చెదరలేదంటే, వాటిని ఎవరూ కదపలేదు గనక. ముప్పై ఎనిమిదేళ్ళ మెకానిక్కువి, చుక్క చెదరకపోతే బోల్టు తిరగలేదని నీకు తట్టలేదట్రా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నువ్వు, అచ్చం మీ నాన్నలాగే.

ఆ ఇంజన్‌లో ఎప్పుడూ ఏమీ లేదు. పైన పటారం, లోన లొటారం. మీ నాన్న ఎవరి పొలంలోనో చలికి లోపలి నీళ్ళు గడ్డకట్టి పగిలిన ఇంజన్ బ్లాకు తెచ్చుకున్నాడు. పగిలింది పైకి కనపడకుండా పూడ్చి, క్రోమ్ చేయించి, దాని మీద అలంకారమంతా చేశాడు. “ఈ ఏడాదికి ఇలా కానిచ్చేస్తా వెల్మా, వచ్చే ఏడాది మంచి బ్లాకు పెడతా,” అన్నాడు. మార్చిలో డేటన్ వెళ్ళాక కొత్త నియమం పెట్టారు. చివరి పోటీలో మిగిలిన ఆరు బళ్ళూ న్యాయనిర్ణేతల ముందు స్టార్ట్ అవాలి, కదలాలి. మీ నాన్న మొహం సున్నం కొట్టినట్టయింది.

నేనప్పుడు బేకరీ బండి తోలుతున్నాను. ఆ రోజు తెల్లవారుజామున బ్రెడ్డు వేసుకుని సగం దుకాణాలకి ఇచ్చి, అన్నయ్య బండి చూద్దామని మిగతా సగంతో హాలు దగ్గరికొచ్చాను. మీ నాన్న పరుగెత్తుకొచ్చాడు.

“వెల్మా, నీ బండి సైలెన్సర్ ఊడదీస్తాను.”

“ఊడదీసి?”

“వేదిక వెనక తలుపు దగ్గర ఆపుతావు. నేను తల మీద టోపీ తీయగానే గట్టిగా తొక్కుతావు. టోపీ పెట్టుకోగానే ఆపేస్తావు.”

“మరి కదలడం?”

“వేదికకి ఏటవాలు ఉంది. బ్రేకు వదిలితే అదే పోతుంది.”

“అన్నయ్యా, పట్టుబడితే?”

“పట్టుబడితే నేను నిన్నెప్పుడూ చూడలేదు, నువ్వు నన్నెప్పుడూ చూడలేదు.”

పరదాకున్న చిరుగులోంచి టోపీకేసి చూస్తూ కూర్చున్నాను. టోపీ తీశాడు. తొక్కాను. నువ్వు విన్న గర్జన అదే. నా బ్రెడ్డు బండిది. టోపీ పెట్టుకోవడం మాత్రం మరిచిపోయాడు. మీ నాన్న కిందికి దిగి, బండి ఆగి, జనం చప్పట్లు కొడుతున్నా నేను తొక్కుతూనే ఉన్నాను. మీ అమ్మ నిన్ను ఎవరికో అప్పగించి పరదా వెనక్కి వచ్చి నా జుట్టు పట్టుకుని ఆపింది. ఆ మధ్యాహ్నం నేను వేసిన బ్రెడ్డంతా పొగ వాసన. మూడు దుకాణాలవాళ్ళు తిరిగి పంపారు.

ఇక బండి ఎందుకు పోయిందో విను. బహుమతి రాగానే ఊళ్ళో మీ నాన్న రాజయ్యాడు. మేయరు ఇంటికొచ్చి, జూలై నాలుగు ఊరేగింపుకి చందమామ రౌడీయే ముందు నడవాలన్నాడు. కోర్టు దగ్గర్నుంచి పార్కు దాకా రెండు మైళ్ళు. బల్లపరుపు రోడ్డు, ఏటవాలు లేదు, పరదా లేదు. పేపర్లో ఫొటో కూడా వేసేశారు. ఊరేగింపు ఇంకో పదిహేను రోజులుందనగా మీ నాన్న దాన్ని దూరపు రాష్ట్రం మనిషికి అమ్మేశాడు. నీ సోడా అదే వారంలో ఒలికింది, అంతే. బహుశా ఆ మరక చూస్తున్నప్పుడు ఆయన మరక చూడలేదు. జూలై నాలుగు చూస్తున్నాడు.

ఒట్టు తప్పాను. నీ తప్పు లేదని చెప్పడానికీ, పాపం ఆ నెబ్రాస్కా ముసలాయన పరువు నిలపడానికీ తప్పాను. పై లోకంలో మీ నాన్న అడిగితే నిన్నే చూపిస్తాను.

మీ అత్త
వెల్మా

మిల్‌బర్న్
నవంబర్ 25, 2023

అత్తా,

పత్రిక ఆపాను. హార్లన్‌కి క్షమాపణ రాశాను. జవాబు లేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

కోపం లేదని రాద్దామనుకున్నాను, ఉంది. నీ మీద కాదు. నాన్న నవ్వు, ఆ గర్జన, ఈ రెండే నాకు ఆయన దగ్గర్నుంచి మిగిలినవి. తీరా చూస్తే గర్జన బ్రెడ్డు బండిది, నవ్వు పట్టుబడనందుకు. గ్లెండా ఇది విన్నప్పటి నుంచి పగలబడి నవ్వుతోంది. మొన్న థాంక్స్‌గివింగ్ పండగ విందులో అందరికీ చెప్పి టర్కీ కోడి కోస్తూ టోపీ తీసింది. అందరూ నవ్వారు. నేను గ్యారేజీలోకి వెళ్ళి కూర్చున్నాను.

ఇప్పుడు నా దగ్గర రెండు ఇంజన్లున్నాయి. ఒకటి డొల్ల. రెండోది మంచి బ్లాకు తెచ్చి, అన్నీ కొత్తవి వేసి నేను కుదిర్చింది. తాళం తిప్పగానే అందుకుంటుంది. నాన్న క్రోమ్ మూతలన్నీ దాని మీద సరిగ్గా కూర్చుంటాయి, తేడా ఎవరూ కనిపెట్టలేరు. దాన్నే పెడతాను. అప్పుడు అరవై ఏళ్ళ అబద్ధం నిజమైపోతుంది. నాన్న చేయలేనిది నేను సరిదిద్దినట్టవుతుంది.

డారెల్

టూసాన్
డిసెంబర్ 5, 2023

డారెల్ నాయనా,

నీ బండి, నీ ఇష్టం. కానీ సరిదిద్దుతున్నది బండినో మీ నాన్ననో తేల్చుకుని బిగించు. బండి అయితే పెట్టు. మీ నాన్న అయితే ఆయన్ని ఇప్పుడు ఎవరూ విప్పలేరు.

ఒట్టు ఎందుకు వేయించుకున్నాడో నీకు రాయలేదు. బహుమతి పోతుందని అనుకుంటున్నావేమో. కాదు. ప్రదర్శన మర్నాడు ఆదివారం, చర్చి మెట్ల మీద నన్ను ఆపాడు. “వెల్మా, నిర్వాహకులకి చెప్పినా సరే, పేపరువాడికి చెప్పినా సరే. మావాడికి మాత్రం చెప్పకు,” అన్నాడు. “వాడు నిన్న నాకేసి ఎలా చూశాడో నువ్వు చూళ్ళేదు, పరదా వెనక ఉన్నావు,” అన్నాడు. చెప్తూ చెప్తూ మెట్ల మీద కూలబడ్డాడు. మంచి కోటు వేసుకుని ఉన్నాడు, చూసుకోలేదు.

నీతో మాట్లాడ్డం మానేశాడన్నావు. నీ మొహం చూసినప్పుడల్లా ఆయనకి నీ ఆ చూపే గుర్తొచ్చేదిరా. తగని బహుమతి తీసుకున్నట్టు ముడుచుకుపోయేవాడు. మొండి మనిషి. నేనెన్నిసార్లు మొత్తుకున్నానో. మీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరి దగ్గర ఒకరు తలొంచుకుని తిరిగారు, ఎందుకో ఒకరికొకరు చెప్పుకోకుండా. నాకు ఏడుపు కూడా రావడం లేదు, ఒళ్ళు మండుతోంది.

నీ అక్రోట్లు అయిపోయాయి. ఇంకా పంపు. జ్ఞాపకం కోసం కాదు, కేకులో వేసుకోడానికి.

మీ అత్త
వెల్మా

మిల్‌బర్న్
మార్చి 18, 2024

వెల్మా అత్తా,

అక్రోట్లు వేరే పెట్టెలో వస్తున్నాయి.

ప్రదర్శన అయింది. నీకు మొదటి నుంచీ చెప్పాలి.

వెళ్ళే ముందు వారం నా ఇంజన్‌ని బండిలో దింపడానికి గొలుసు కట్టి పైకెత్తాను. దింపలేకపోయాను. నాన్న మూతలు దానికి బిగించాలంటే ఎర్ర చుక్కలు తుడవాలి. గుడ్డ పట్టుకుని ఒకటి తుడవబోయాను, చేయి రాలేదు. అంత శ్రద్ధగా బోలు ఇంజన్‌కి చుక్కలు పెట్టిన మనిషి మీద ఉన్నట్టుండి నాకు ప్రేమ పొంగుకొచ్చింది. నా ఇంజన్‌ని పక్కన పెట్టి డొల్లనే బిగించాను. బోల్టులన్నీ పాత చుక్కల దగ్గరే ఆగాయి, కొత్త చుక్కలు అక్కర్లేకపోయాయి.

అక్కడ హాలు కిటకిటలాడుతోంది. అరవై నాలుగు నాటి బళ్ళు పదకొండు వచ్చాయి. యజమానులు కొందరు చక్రాల కుర్చీల్లో, కొందరు కొడుకుల చేతులు పట్టుకుని. చందమామ రౌడీ కింద అద్దాలు, గాజు పీచు, అన్నీ సర్దాను. తొడుగులు వేసుకోలేదు. ఇప్పటికీ గోక్కుంటున్నాను. నా వంతు రాగానే మైకు అబ్బాయి అరిచాడు: “డారెల్ కెస్లింగ్ గారూ, మీ నాన్నగారి బండి, మీ చేతి మీదుగా, స్టార్ట్ చేయండి!”

టోపీ తీశాను. పరదా వెనక నువ్వు లేవు. మైకు అందుకున్నాను.

“స్టార్ట్ అవదండీ,” అన్నాను. “ఇందులో ఏమీ లేదు. అరవై నాలుగులో కూడా లేదు.” అని మొత్తం చెప్పేశాను. నీ బ్రెడ్డు బండి, మా అమ్మ నీ జుట్టు పట్టుకోవడం, ఊరేగింపు, అంతా.

నా పని అయిపోయిందనుకున్నాను. మూడో వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఎత్తాడు.

“నాదీ అంతే బాబూ! మాది చెక్క ఇంజన్. మా మామ చెక్కాడు.”

పక్కాయన, “మా బండిని మా ఆవిడ చేపల దారం కట్టి లాగింది. దారం తెగి నా పరువు పోయింది!” అన్నాడు.

ఇంకొకాయన లేచి, “నాది నిజంగానే నడిచింది. నన్నెవడూ నమ్మలేదు!” అని ఏడుపు మొహం పెట్టాడు. ఇక హాలు హాలంతా నవ్వు. అప్పటి న్యాయనిర్ణేత ఒకాయన బతికే ఉన్నాడు, తొంభై నాలుగేళ్ళు. మైకు తెమ్మని సైగ చేశాడు. “ఇంజన్ స్టార్ట్ చేస్తే పెట్రోలు వాసన రావాలి. వేడి బ్రెడ్డు వాసన వస్తుంటే మాకు అనుమానం రాదా? మేం లోవెల్‌కి బహుమతి రంగుకిచ్చాం,” అన్నాడు.

అంటే నాన్న అరవై నాలుగు నుంచి దాచుకున్నది వాళ్ళకి ఆ రోజే తెలుసు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బహుమతి మాకు రాలేదులే. గులాబీ రంగు ట్రక్కుకి ఇచ్చారు, నిజంగానే బాగుంది.

సామాను సర్దుకుంటుంటే ఎవరో వచ్చి తోక మీద చేయి వేశారు. హార్లన్ ఫ్రిట్జ్. మనవడితో కారులో పన్నెండు గంటలు వచ్చాడట. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు.

“కోపంగా రాసిన ఉత్తరానికి జవాబిస్తే పోట్లాటవుతుంది. ఎదురుపడితే అవదు. అందుకని వచ్చాను,” అన్నాడు.

“ఇంజన్ సంగతి మీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“అమ్మిన రోజే మీ నాన్న మూత తీసి చూపించి, మళ్ళీ బిగించి ఎర్ర చుక్కలు పెట్టాడు. ఊరంతటికీ చెప్పాను గానీ నీకు అబద్ధం చెప్పలేనన్నాడు.”

“మరి నాకెందుకు చెప్పలేదండీ?”

“నువ్వు అడగలేదు,” అన్నాడు. ఆ వైపు మనుషులు అంతే అత్తా.

తరవాత తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న ఏటా అక్టోబర్‌లో జింకల వేటకి వెళ్ళేవాడు, నీకు గుర్తుందా? నలభై ఏళ్ళకి పైగా ఒక్క జింకనైనా తేలేదు. గురి కుదరని మనిషి అని అమ్మ నవ్వేది. ఆయన వెళ్ళింది హార్లన్ కొట్టానికి. రెండ్రోజులుండి, దుప్పట్లు తీసి, బండి తుడిచి, అందులో కూర్చుని వచ్చేసేవాడట. చివరిసారి వెళ్ళింది చనిపోయే ముందు ఏడాది. అప్పుడు హార్లన్ అన్నాడట, “లోవెల్, ఇంతదూరం వస్తావు, ఒక మంచి ఇంజన్ పెట్టుకోరాదా? నడుపుకుందువు గాని.”

నాన్న ఏమన్నాడో హార్లన్ నాకు అలాగే చెప్పాడు, నీకు అలాగే రాస్తున్నాను.

“నాకెందుకు హార్లన్? నడిపే పని మావాడు చూసుకుంటాడు. బడి బస్సులు బాగుచేస్తాడు. పొద్దున్నే పిల్లలందరూ వాడి చేతి మీదుగా బడికి పోతారు. వాడు చేయి పెట్టిన బండి ఒక్కటీ దారిలో ఆగలేదు.”

నాతో ఒక్కసారి కూడా అనలేదు అత్తా. ఒక్కసారి. ట్రక్కు వెనక్కి వెళ్ళి నిలబడి, ముక్కు చీదుకుని వచ్చాను. హార్లన్ అటు తిరిగి కార్బ్యురేటర్లు చూస్తూ నిలబడ్డాడు, నేనొచ్చేదాకా ఇటు తిరగలేదు.

నీ మేనల్లుడు
డారెల్